అంపశయ్యా, కాలరేఖలా? మొదట ఏది చదవాలి?

ఇంటర్ ముగించి హైదరాబాద్ హాస్టల్‌కు బయలుదేరే హనుమకొండ పిల్లల చేతిలో రచయిత నవీన్ నవలల్లో ఏది పెట్టాలి? నేనైతే ‘అంపశయ్య’ పెడతాను.

1969లో వచ్చిన ఈ నవలలో గడిచేది ఒక్క రోజే. ఉస్మానియా విద్యార్థి రవి నిద్ర లేచింది మొదలు డబ్బు చింత, చదువు భయం, అమ్మాయిల ముందు బెరుకు, ఊరి జ్ఞాపకాలు అతని మనసులో ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి. మనసులో ఆలోచనలు పారినట్టే రాసుకుంటూ పోయే చైతన్య స్రవంతి పద్ధతి కాబట్టి మొదట్లో కాస్త ఓపిక పట్టాలి. ఆ తర్వాత రవి మన గదిలోనే ఉంటున్నట్టు అనిపిస్తుంది. తన అసూయనూ కోరికలనూ అతను దాచుకోడు. ఆ వయసులో అలాంటి తోడు ఎంత అవసరమో! పాఠకులు ఈ పుస్తకాన్ని ఎంతగా పట్టుకున్నారంటే, రచయిత పేరే అంపశయ్య నవీన్ అయిపోయింది.

‘కాలరేఖలు’ చదవడం సులువు. రాజ్యం అనే పల్లె పిల్లవాడి ఎదుగుదలతో పాటు నిజాం పాలన చివరి రోజులూ, సాయుధ పోరాటమూ కనిపిస్తాయి. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే దక్కింది. అయితే ఇందులో కాలం పెద్దది, కుర్రవాడు చిన్నవాడు. పాలకుర్తి వైపు తాతలు చెప్పిన ఆ పోరాట కథలు వింటూ పెరిగినవారు మాత్రం దీనితోనే మొదలుపెట్టవచ్చు.