గులివిందా, ఎర్రమోసా: బెజవాడ వంటింటికి ఏది మేలు?

రెండూ అడుగున మేసే చేపలే. కాకపోతే ఒకటి సముద్రపు ఇసుకలో వేటాడుతుంది, రెండోది చెరువు అడుగున కుళ్లిన ఆకూ అలమూ తిని బతుకుతుంది.

గులివిందల్లో 80కి పైగా జాతులున్నాయి. మార్కెట్టుకొచ్చేవి ఎక్కువగా జానెడు కూడా ఉండని చిన్నవి. పగడపు దిబ్బల పక్కన ఇసుకలో తిరిగే రాతి గులివింద వేరు. అది అడుగు దాటి పెరుగుతుంది. పక్కన పసుపు మచ్చ, తోక మొదట్లో నల్లమచ్చ ఉంటాయి. అసలు తమాషా దాని గడ్డం కింది రెండు మీసాల్లో ఉంది. వాటితోనే రుచి చూస్తుంది! ఇసుకను మీసాలతో గెలుకుతూ పోయి, పురుగో రొయ్యపిల్లో చిన్న పీతో తగలగానే మూతి దూర్చి లాగేస్తుంది. పని లేనప్పుడు వాటిని గడ్డం కిందికి మడిచేసుకుంటుంది. అది గెలికితే బయటపడే పురుగుల కోసం వేరే చేపలు కళ్లంలో కోళ్లలా వెంట తిరుగుతాయి.

ఎర్రమోసుకి ఇంత హంగామా లేదు. బొచ్చె పైన, శీలావతి నడుమ, ఇది అడుగున మేస్తాయి కాబట్టి మూడింటినీ ఒకే చెరువులో పెంచుతారు. దీనికి మట్టివాసనని పేరు. బురద తినడం వల్లేనంటారు గానీ, అసలు కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని కొన్ని రకాల నాచు, సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి; మొప్పల గుండా చేప ఒంట్లోకెళ్లి కొవ్వులో నిలుస్తుంది. పులుపు తగిలితే ఆ వాసన తగ్గుతుంది. కాబట్టి ఎర్రమోసును చిక్కటి చింతపండు పులుసులోనే వండాలి, వేపుడు జోలికి పోకూడదు. కండలో సన్నముళ్లు కూడా ఎక్కువే, చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు జాగ్రత్త.

గులివిందది తెల్లటి, మెత్తటి కండ. పులుసులో గరిటె పెడితే విడిపోతుంది. పొలుసు తేలిగ్గా వస్తుంది. ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేయిస్తే చాలు, మసాలా దండగ.

రుచిలో నా ఓటు గులివిందకే. కానీ బెజవాడలో రుచి ఒక్కటే చూస్తే కుదరదు. ఎర్రమోసు చుట్టుపక్కల చెరువుల నుంచి తాజాగా వస్తుంది. గులివింద బందరు నుంచైతే 70 కిలోమీటర్లు, విశాఖ నుంచైతే 350 కిలోమీటర్ల దాకా ఐసులో ప్రయాణం చేయాలి. మెత్తటి కండ కదా, త్వరగా చెడుతుంది. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బెత్తుగా, పొట్ట గట్టిగా ఉంటే తీసుకోండి. మేనెలలో మధ్యాహ్నం అమ్మేదైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు, ఎర్రమోసే కొట్టించుకోండి.