అమ్మ యూదురాలేనా అని అడగని చోటు

మా అమ్మాయికి కాలేజీలు చూడ్డానికి బయల్దేరాం. గురువారం జరిగిందే ముందు చెప్తాను, నాకు ఇంకా మంట తగ్గలేదు. ఒక క్యాంపస్‌లో, పేరు రాయను, యూదు విద్యార్థుల బాగోగులు చూసే పెద్దమనిషి నా బొట్టు వంక ఒకసారి చూసి మా అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న: "మీ అమ్మ మతం మారారా?"

మా ఆయన యూదుడు. నాది గుంటూరు. యూదుల్లో పాత ఆచారం గట్టిగా పాటించే ఆర్థడాక్స్ వాళ్ల లెక్కలో తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. అమెరికాలో కాలానికి తగ్గట్టు మారే రిఫార్మ్ శాఖ మాత్రం 1983లో, తండ్రి యూదుడైనా చాలు, పిల్లల్ని ఆ పద్ధతిలో పెంచాలని తీర్మానించింది. మా పిల్ల అలాగే పెరిగింది, పదమూడో ఏట బాట్ మిట్స్వా (యూదు ఆడపిల్ల మత బాధ్యతలు తీసుకునే వేడుక) చేసుకుంది. ఎవరి నియమం వాళ్లకి ఉండొచ్చు. కానీ కాలేజీ చూడ్డానికి వచ్చిన పదిహేడేళ్ల పిల్లని గుమ్మంలోనే అలా అడుగుతారా? కారులో రెండు గంటలు అది నోరు విప్పలేదు. మా ఆయన వెనక్కి పోదామన్నారు. నేనే ఒప్పుకోలేదు. మా న్యూజెర్సీలో నవంబర్‌లో వచ్చే టీచర్ల కన్వెన్షన్ సెలవులు పోతే మళ్లీ అందరికీ ఎప్పుడు కుదురుతుంది?

బ్రాండైస్ యూనివర్సిటీ చూడ్డానికి బోస్టన్ దగ్గర వాల్తమ్‌లో దిగిన బస ఇంకో మోసం. రాత్రికి 164 డాలర్లని చూపించి, పన్నులూ పార్కింగూ కలిపి 211 తీసుకున్నారు. "క్యాంపస్‌కి నడక దూరం" అన్నమాట నమ్మే బుక్ చేశాం, ఎందుకంటే ఏడాదిగా అమ్మాయి షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి దినం) మొదలయ్యాక కారెక్కడం లేదు. తీరా చూస్తే ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నలభై నిమిషాలు! మీరు బుక్ చేసే ముందు మ్యాప్‌లో మీరే కొలుచుకోండి.

బ్రాండైస్‌ని 1948లో యూదు సమాజం స్థాపించింది. అమెరికా సుప్రీంకోర్టు మొదటి యూదు న్యాయమూర్తి లూయిస్ బ్రాండైస్ పేరు పెట్టారు. అన్ని మతాల పిల్లలూ చదువుతారు. యూదులకి, కాథలిక్కులకి, ప్రొటెస్టెంట్లకి మూడు ప్రార్థన మందిరాలు, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడకుండా కట్టారు. అక్కడ నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉండిపోయాను. పెద్ద యూదు పండుగలకి క్లాసులుండవు, ప్రొఫెసర్లని బతిమాలుకునే పని లేదు.

శుక్రవారం నాలుగున్నరకే సూర్యాస్తమయం, షబ్బాత్ మొదలైంది. ఆర్థడాక్స్, రిఫార్మ్, ఆ రెంటికీ మధ్య ఉండే కన్సర్వేటివ్ పిల్లలు ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకుని, భోజనానికి ఒకచోట చేరారు. షబ్బాత్ రోజు డబ్బు ముట్టుకోరు కాబట్టి మా పేర్లు ముందే ఈమెయిల్‌లో ఇచ్చాం. పొడుగు గౌను వేసుకున్న ఒకమ్మాయి మా పిల్లకి పక్కన చోటు చూపించి హల్లా రొట్టె అందించింది. ఏ శాఖ అనలేదు, తల్లి ఎవరనలేదు. నావైపు తిరిగి, "శుక్రవారం మీ ఇంట్లో ఏం వండుతారు?" అని అడిగింది. హల్లా, పులిహోర అన్నాను. పులిహోర ఎలా చేస్తారో పోపు దాకా చెప్పించుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. మా ఆయన రెండోసారి సూప్ పోయించుకున్నారు, అంటే కోపం పోయినట్టే.

శాకాహారులకి ఒక మాట. కోషర్‌లో, అంటే యూదుల ఆహార నియమాల్లో, మాంసం, పాలు కలపరు. "పారెవ్" అంటే ఆ రెండూ లేనిది, కానీ చేప, గుడ్డు ఉండొచ్చు. అడిగి తినండి.

పగటి టూర్ గైడు చెప్పేది బ్రోచర్‌లోనే ఉంటుంది. శుక్రవారం రాత్రి ఉండి చూడండి. హాస్టల్ తలుపులకి తాళంచెవి ఇస్తారా, ఒట్టి స్వైప్ కార్డేనా అని అడగండి. షబ్బాత్‌లో కరెంటు వస్తువులు వాడని పిల్లలు కార్డుతో బయటే ఇరుక్కుంటారు. శనివారం పరీక్ష పడితే మార్చడానికి ఎవరికి రాయాలో కూడా కనుక్కోండి.

న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీ అంతకు ముందే చూశాం. యూదు విద్యార్థుల కేంద్రమైన హిల్లెల్ భవనం బాగుంది, న్యూజెర్సీ వాళ్లకి ఫీజు చాలా తక్కువ. అమ్మాయికి ఇల్లు మరీ దగ్గరైపోయిందట. మా ఆయన ఇప్పటికీ రట్గర్సే అంటున్నారు. అమ్మాయి మాత్రం ఆ శుక్రవారం రాత్రి చీకట్లో నడుస్తూ, "అమ్మా, ఇక్కడికి వచ్చేటప్పుడు పులిహోర పొడి ఇచ్చి పంపుతావా?" అంది.