ఒకే చేతి రెండు తోటలు: పలాంగా, ఉజుత్రాకిస్

మా అమ్మ పుట్టిల్లు కడియం పక్కన. నర్సరీల మధ్య పెరిగిన మనిషి. అందుకే లిథువేనియాకు తీసుకెళ్ళేటప్పుడు కోటలు, చర్చిల లిస్టు పక్కన పెట్టి తోటలు చూపిద్దామనుకున్నాను. టిష్కెవిచ్ కుటుంబం వాళ్ళ రెండు దివాణాలు ఎంచుకున్నాను. ఒకటి బాల్టిక్ సముద్రం ఒడ్డున పలాంగాలో, రెండోది రాజధాని విల్నియస్ దగ్గర, త్రకాయ్ అనే ఊరి సరస్సుల మధ్య ఉజుత్రాకిస్‌లో. కట్టించింది ఫెలిక్స్, యూజెఫ్ అనే అన్నదమ్ములు. తోటలు రెండూ వేసింది ఎద్వార్ ఆంద్రే. లివర్‌పూల్‌లో సెఫ్టన్ పార్కు గీసిన ఫ్రెంచి ఉద్యాన శిల్పి ఆయన.

లిథువేనియన్‌లో ఇలాంటి దివాణాన్ని ద్వారస్ అంటారు. మన ద్వారం అన్న మాటకు అది దూరపు చుట్టమే. అగ్నిని ఉగ్నిస్ అంటారు, పొగను దూమస్ అంటారు. ధూమం అన్నమాట! ఈ మాటలు చెప్పాక అమ్మకు ఆ దేశంలో కొత్త పోయింది.

ముందు పలాంగా. విల్నియస్ నుంచి బస్సులో నాలుగు గంటలపైనే పడుతుంది. రైలు పలాంగా దాకా రాదు, క్రెటింగాలో దిగి బస్సు మారాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నేరుగా బస్సే నయం. బస కోసం నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. బసనావిచియస్ వీధిలో గది తీసుకున్నాను. ఊళ్ళో జనమంతా నడిచే వీధి అది, తిన్నగా సముద్రం దాకా పోతుంది. జూన్‌లో రాత్రి రెండింటి వరకు పాటలు ఆగలేదు. ఫొటోలో చూపించిన బాల్కనీ సముద్రం వైపు కాదు, కార్లు పెట్టే స్థలం వైపు ఉంది. అడిగితే "మిగతా గదులన్నీ నిండిపోయాయి" అన్నారు. అమ్మకు నిద్ర లేదు, నాకు టెన్షన్. పార్కుకు దగ్గరగా, దక్షిణం వైపు సందుల్లో చూసుకుంటే రాత్రి హాయిగా ఉంటుంది.

తెల్లవారి పార్కులో అడుగుపెట్టగానే ఆ చిరాకు పోయింది. దాదాపు వంద హెక్టార్ల తోట. నడుస్తుంటే ఎక్కడ తోట మొదలైందో, ఎక్కడ అడవి ఆగిందో తెలియదు. పాత పైన్ చెట్లను ఆంద్రే కొట్టించలేదు. అమ్మ ఒక పిడికెడు మట్టి తీసి చూసి, "అంతా ఇసుకేనే! మన తీరంలో సరుగుడు చేసే పనే ఇక్కడ ఈ చెట్లు చేస్తున్నాయి" అంది. ఇసుక కదలకుండా పట్టుకున్న ఆ అడవి మధ్యలోనే చెరువులు, గులాబీ మడులు, వంపులు తిరిగే దారులు వేశారు. పచ్చిక ఉన్న చోట వెలుగు, పైన్‌లు ఉన్న చోట నీడ. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా అమర్చిన తీరు చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

1897లో కట్టిన భవనం నమూనా బెర్లిన్ వాస్తుశిల్పి ఫ్రాంజ్ ష్వెష్టెన్‌ది. ముందున్న క్రీస్తు విగ్రహాన్ని 1948లో సోవియట్ పాలనలో తీసి పారేశారు, 1993లో మళ్ళీ నిలబెట్టారు. లోపల 1963 నుంచి అంబర్ మ్యూజియం ఉంది. అంబర్ అంటే పూర్వకాలపు చెట్ల జిగురు గట్టిపడి రాయిలా మారినది, మన నిఘంటువుల్లో తృణమణి అన్నారు. రుద్దితే గడ్డిపరకను లాగుతుంది కాబట్టి ఆ పేరు. సుమారు మూడున్నర కిలోల 'సూర్యశిల' అనే ముక్క ఇక్కడి గొప్ప. నాకు మాత్రం లోపల చిక్కుకుపోయిన దోమలు, చీమలు, ఆకు తునకలు ఎక్కువ నచ్చాయి. కోట్ల ఏళ్ళ కిందటి చీమ కాలు కూడా చెక్కుచెదరలేదు. టికెట్టు డబ్బుకు పూర్తిగా న్యాయం జరిగింది. వేసవి మధ్యాహ్నాల్లో క్యూ పెద్దది, తెరవగానే వెళ్ళండి.

తోటకు అసలు ప్రాణం బిరుతె గుట్ట. చిన్న ఇసుక దిబ్బే, పైన 1869 నాటి చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం ఉంది. బిరుతె ఇక్కడ పవిత్రాగ్నిని కాపాడే కన్య అనీ, కెస్తుతిస్ అనే రాజు ఆమెను తీసుకెళ్ళి పెళ్ళి చేసుకున్నాడనీ కథ. వాళ్ళ కొడుకే వితౌతస్ మహారాజు. ఎంతో డబ్బున్న జమీందారు, అంత పేరున్న శిల్పి కలిసి తోట వేస్తూ కూడా ఈ గుట్టను మార్చలేదు, తోటే దాని చుట్టూ ఒదిగింది. నాకు ఆ మర్యాద చాలా నచ్చింది.

సాయంత్రం 470 మీటర్ల వంతెన మీద సముద్రంలోకి నడిచాం. రాత్రి పది దాటాక సూర్యుడు దిగుతుంటే ఊరంతా అక్కడికి వచ్చి నిలబడుతుంది.

మర్నాడు త్రకాయ్‌కు వెళ్ళాం. అక్కడ ఒక పెద్దావిడ చెక్క ఇంట్లో పైగది దొరికింది. ఇంగ్లీషు రాకపోయినా అమ్మను చూసి కుర్చీ ఎండలోకి జరిపి, రెండోసారి టీ పోసింది. పలాంగాలో ఇచ్చినదానికంటే తక్కువ అద్దె, ఎంతో ఎక్కువ ఆదరణ. తిండి విషయంలో కూడా త్రకాయే మేలు. కిబినాయ్ అని కజ్జికాయ ఆకారంలో ఉంటాయి. క్రిమియా నుంచి వితౌతస్ తెచ్చి ఇక్కడ ఉంచిన కరైమ్‌లు అనే చిన్న జాతివాళ్ళ వంటకం. అసలుది గొర్రె మాంసంతో చేస్తారు, పాలకూర వేసినవి కూడా దొరికాయి. గులాబీ రంగు చల్లటి బీట్‌రూట్ సూప్‌లో గుడ్డు వేస్తారు, శాకాహారులు ముందే వద్దని చెప్పాలి.

ఉజుత్రాకిస్ అంటే 'త్రకాయ్‌కు ఆవల' అని. గాల్వె, స్కైస్తిస్ సరస్సుల మధ్య నేల నాలుక అది. రోడ్డు మీద చుట్టు తిరిగి టాక్సీలో వెళ్ళాం. పెద్దవాళ్ళు లేకపోతే సైకిల్ మంచిది. భవనం పోలిష్ వాస్తుశిల్పి యూజెఫ్ హుస్‌ది. గదుల్లో సామాను పెద్దగా లేదు. "ఇంత ఇల్లు ఖాళీగా ఉందేమిటే?" అంది అమ్మ. 1940లో సోవియట్‌లు వచ్చాక ఇవన్నీ ప్రభుత్వపరమయ్యాయి. తర్వాత ఈ ఇల్లు శానటోరియం అయింది, పిల్లల క్యాంపు అయింది, టూరిస్టుల బస కూడా అయింది. గోడలు బాగుచేశారు గానీ టిష్కెవిచ్‌ల జీవితం తిరిగి రాదు కదా. ఇంటి లోపలికి అరగంట చాలు.

తోటకు మాత్రం పూట కేటాయించండి. ఇరవైకి పైగా కుంటలు తవ్వించి, కాలువలతో కలిపి నీటి తోట చేశాడు ఆంద్రే. ప్రతి మలుపులో ఏదో ఒక నీటి ముక్క మెరుస్తుంది. అమ్మ ఒక్కో చెట్టు దగ్గర ఆగి బెరడు తడుముతూ నడిచింది. తర్వాత మెట్ల వరండా మీదకు వస్తే, సరస్సుకు అవతల ఎర్రటి ఇటుకల ద్వీప కోట. కెస్తుతిస్ మొదలుపెట్టి వితౌతస్ పూర్తి చేసినది. తల్లి గుట్ట అక్కడ, కొడుకు కోట ఇక్కడ.

ఒక్క రోజే ఉన్నవాళ్ళు పలాంగా వదిలేసి ఉజుత్రాకిస్‌కు వెళ్ళండి. మూడు రోజులుంటే పలాంగాతో మొదలుపెట్టి ఇక్కడ ముగించండి, గుట్ట చూశాక కోట చూస్తే కథ వరసగా అందుతుంది. మేము ఎనిమిదింటి వరకు ఆ వరండా మీదే కూర్చున్నాం. అప్పటికి పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. కోట నీడ నీళ్ళలో కదలకుండా నిలబడింది.