కరెంటు పెట్టించుకున్నా, నేల మీద బోర్లా పడుకున్నా: నడుం నొప్పికి నా 14 నెలల ఫిజియోథెరపీ

నాకు తిరుపతి బైరాగిపట్టెడలో జిరాక్సు అంగడి ఉంది. పోయినేడు బ్రహ్మోత్సవాలకు ముందు ఒకరోజు పొద్దున పేపర్ల పెట్టె ఎత్తబోయాను. పది రీములది, 23 కేజీల పైమాటే. రోజూ ఎత్తేదే. ఆరోజు సగం లేచేసరికి నడుం కింద ఎడమవైపు కళుక్కుమంది. పెట్టె వదిలేసి కౌంటరు పట్టుకున్నాను. సాయంత్రానికి నొప్పి పిర్ర మీదుగా తొడ వెనక దాకా లాగింది.

"పుత్తూరు పోయి కట్టు కట్టించుకో నాయనా" అంది మా అమ్మ. మా వైపు ఒంట్లో ఏది పట్టేసినా మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. అది ఎముక విరిగినవాళ్లకు కదా అని పోలేదు. పోకుండా నేను చేసిందేమిటంటే, రెండున్నర రోజులు చెక్క మంచం మీద కదలకుండా పడుకోవడం. మూడో రోజు లేవడానికి మొదటి రోజుకన్నా ఎక్కువ తిప్పలు పడ్డాను.

తర్వాత ఒక క్లినిక్‌లో పది రోజుల ప్యాకేజీ తీసుకున్నాను. రోజుకు 350 రూపాయలు. పదిహేను నిమిషాలు కరెంటు (ఐఎఫ్‌టీ అంటారు), తర్వాత జెల్ రాసి అల్ట్రాసౌండ్, చివర్లో నడుముకు బెల్టు కట్టి మెషిన్‌తో లాగే ట్రాక్షన్. అబద్ధం చెప్పను, హాయిగానే ఉండేది. చీమలు పాకినట్టు కరెంటు పారుతుంటే రెండుసార్లు నిద్ర కూడా పట్టింది. కానీ స్కూటర్ మీద లీలామహల్ సర్కిల్ దాటేలోపే నొప్పి మళ్లీ హాజరు. పది రోజుల్లో ఒక్కరూ నన్ను ఒంగమనలేదు, ఏం చేస్తే ఎక్కువవుతోందని అడగలేదు. పైగా ఎంఆర్‌ఐ తీయించి 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త బయటికి ఉబ్బడం) అని ఉన్న కాగితం చేతిలో పెట్టారు. ఆ రెండు మాటలతో వచ్చిన టెన్షన్ నొప్పికన్నా పెద్దది. దగ్గాలన్నా భయమే.

మా బావమరిది చెబితే ఇంకో ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోయాను. ఆ మేడమ్ దగ్గర ఒక్క మెషిన్ కూడా ఆన్ చేయలేదు. నలభై నిమిషాలు ప్రశ్నలు, పరీక్షలే. మూత్రం, మోషన్ అదుపు తప్పాయా, తొడల మధ్య మొద్దుబారిందా, పాదం పైకి లేస్తోందా, జ్వరం ఉందా, కిందపడ్డారా, ఊరికే బరువు తగ్గారా అని అడిగింది. వీటిలో మొదటి రెండు కనిపించినా, కాలు బలం తగ్గుతున్నా ఫిజియో కోసం చూడకుండా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో అప్పటికప్పుడు పొమ్మంది. నాకు అవేవీ లేవు. ఎంఆర్‌ఐ కాగితం చూసి నవ్వింది. 1994లో అమెరికాలో నడుం నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే సగం మందికి పైగా బల్జ్ కనిపించిందట.

ఆ తర్వాత నిలబెట్టి పదిసార్లు ముందుకు ఒంగమంది. తొడ నొప్పి ఇంకా కిందికి దిగింది. బోర్లా పడుకోబెట్టి, నడుం వదులుగా ఉంచి, చేతులతో ఛాతీని పైకి ఎత్తమంది. పదిసార్లు అయ్యేసరికి తొడలో నొప్పి సగమైంది, నడుంలో మాత్రం పెరిగింది. నేను బెదిరిపోతే, "కాలిలోంచి నడుంలోకి వస్తే మంచిదే సార్, నడుంలోంచి కాలిలోకి దిగితేనే ఆపాలి" అంది. దీన్ని మెకంజీ పద్ధతి అంటారు. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక పేషెంటు, తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడట. ఐదు నిమిషాల తర్వాత చూస్తే కాలి నొప్పి పోయింది. అక్కడి నుంచి పుట్టిందట ఇదంతా.

రెండు గంటలకోసారి పదిసార్లు. అంగట్లో మెషిన్ వెనక చాప పరుచుకుని చేసేవాణ్ణి. ఒకాయన ఆధార్ జిరాక్సుకు వచ్చి, "ఏం సామీ, ఈడ్నే సాష్టాంగమా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే నడుం నొప్పి పుట్టలేదు. ఆ రోజు బాగా గుర్తు.

పన్నెండో రోజుకు తొడ నొప్పి పోయింది. ఐదో వారానికి పని మామూలుగా చేసుకున్నాను. మేడమ్ దగ్గరికి పోయింది నాలుగుసార్లే. అంగడి మూయొద్దు, నడవండి అని ఆమె గట్టిగా చెప్పింది. వేడినీళ్ల బ్యాగుతో కాపడం పెట్టుకోమంది, అది రాత్రి నిద్రకు పనికొచ్చింది. నడుముకు పెట్టుకునే బెల్ట్ మాత్రం వాడకుండా బీరువాలో ఉంది.

మా బావమరిదికి నొప్పి వచ్చినప్పుడు నన్ను చూసి బోర్లా పడుకుని చేస్తే అతనికి ఎక్కువైంది. అదే మేడమ్ అతనికి మోకాళ్లు ఛాతీకి తెచ్చుకునే వ్యాయామం ఇచ్చింది. కాబట్టి నా వ్యాయామం చూసి మీరు మొదలుపెట్టకండి, ఎటు కదిలితే తగ్గుతోందో ఒకరితో పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు నాలోని అనుమానం కూడా చెప్పేస్తాను. కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. 1995లో ఫిన్లాండ్‌లో చేసిన అధ్యయనంలో పడుకున్నవాళ్లకన్నా, వ్యాయామాలు చేసినవాళ్లకన్నా, నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్లే ముందు కోలుకున్నారు. అంటే నాకూ ఏమీ చేయకపోయినా తగ్గేదేనా? ఏమో. మొదటి క్లినిక్‌లో ఇచ్చిన 3,500 రూపాయల మీద మాత్రం నాకు అనుమానం లేదు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2016లోనే నడుం నొప్పికి అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ, ట్రాక్షన్, బెల్ట్ ఇవ్వొద్దన్నాయి.

ఈ 14 నెలల్లో నొప్పి రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి కళుక్కుమనగానే చాప పరిచాను, నాలుగు రోజుల్లో సర్దుకుంది. రెండోసారి వారం. రెండుసార్లూ ఎవరి దగ్గరికీ పోలేదు. మధ్యలో శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ ఎక్కాను, దిగేటప్పుడు బస్సే.

పేపర్ల పెట్టె ఇప్పటికీ నేనే ఎత్తుతాను. ముందు మూడు రీములు తీసి పక్కన పెడతాను. అది మేడమ్ చెప్పింది కాదు, నా భయం.