కంటి జెల్లీ తీసేశాక: గ్యాసా, ఆయిలా?

కంటిలో సుమారు 4 మి.లీ. విట్రియస్ జెల్లీ ఉంటుంది. అందులో దాదాపు 99 శాతం నీరే; కొల్లాజెన్ పోగులు, హైలురోనిక్ ఆమ్లం దాన్ని జెల్లీలా నిలుపుతాయి. రెటీనా (కంటి వెనక చూపునిచ్చే పొర) ఊడినప్పుడు ఆ జెల్లీని తీసేసి, రెటీనా అతుక్కునేదాకా గ్యాస్ గానీ సిలికాన్ ఆయిల్ గానీ నింపుతారు. తీసిన జెల్లీ మళ్లీ పుట్టదు.

ఖర్చు: గ్యాస్ దానంతటదే పోతుంది. ఆయిల్‌ను మామూలుగా కొన్ని నెలలకు ఇంకో ఆపరేషన్‌తో తీయాలి. దేవరకొండ, అచ్చంపేట నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లకు బస్సు ఛార్జీలు, పోయిన కూలి మళ్లీ మొదలు.

శ్రమ: గ్యాస్‌తో డాక్టర్ చెప్పినన్ని రోజులు తల వంచుకునో, ఒక పక్కకే పడుకునో ఉండాలి. ఇంట్లో తోడు లేకపోతే నిజంగా కష్టం. మొదట అంతా మసక. తర్వాత పైభాగం తేటపడుతుంది, నీటి గీత ఊగుతూ రోజురోజుకీ కిందికి దిగుతుంది. కంగారు పడకండి, గ్యాస్ తగ్గుతోందన్నమాట.

రిస్క్: గ్యాస్ ఉన్నంతకాలం విమానం వద్దే వద్దు. ఎత్తుకు పోతే అది వ్యాకోచించి కంటి ప్రెషర్ పెరుగుతుంది. తిరుమల మొక్కున్నా డాక్టర్‌ను అడగకుండా కొండ ఎక్కొద్దు. ఆయిల్‌తో ఈ భయం లేదు. కానీ శుక్లం, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు.

డాక్టర్ చెప్పిన పొజిషన్‌లో ఉండగలిగితే, రెటీనాలో చిరుగు మామూలుదైతే గ్యాసే మేలు. మళ్లీ మళ్లీ ఊడే రెటీనాకు, కుదురుగా ఉండలేని పిల్లలకు, త్వరలో గల్ఫ్ విమానం ఎక్కక తప్పనివాళ్లకు ఆయిల్.