ర్యాంకుల్లో పైనున్న యూనివర్సిటీలో బీటెక్: ఈఎంఐలు కడుతూ రాస్తున్న సమీక్ష

క్యాంపస్ ఎన్ని ఎకరాలు, హాస్టల్లో ఏసీ ఉందా, మెస్‌లో సాంబారు ఎలా ఉంటుంది లాంటివి ఇక్కడ రాయడం లేదు. వాటి మీద వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. 2018లో పొరుగు రాష్ట్రంలోని ఒక డీమ్డ్ (యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేటు సంస్థ) యూనివర్సిటీలో చేరి 2022లో బయటికొచ్చాను. నా కోపమంతా ఒక్కదాని మీదే: క్యాంపస్ ఉద్యోగాలు చూసే ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ల 'ఒకరికి ఒక ఆఫర్' నియమం.

అప్పట్లో నాకు ఇంకో దారి కూడా ఉంది. హైదరాబాద్ శివార్లలో జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో కన్వీనర్ సీటు. మేం బీసీలమే గానీ ఎంసెట్‌లో నాకు పదివేల లోపు ర్యాంకు రాలేదు. అంటే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 దగ్గరే ఆగుతుంది, పైన ఓ యాభై వేలు మేం కట్టుకోవాలి. యూనివర్సిటీలోనేమో ఎంట్రన్స్ ర్యాంకును బట్టి ఫీజు కేటగిరీలు. నాది చివరి కేటగిరీ. నా పక్క బెంచీ కుర్రాడు అదే పాఠం, అదే ప్రొఫెసర్ దగ్గర, నేను కట్టేదాంట్లో సగం కట్టి వినేవాడు. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు తనఖా అడుగుతుంది కాబట్టి ఖమ్మంలో మా ఇంటి కాగితాలు పెట్టి 11 లక్షల లోన్ తీసుకున్నాం. హాస్టల్ ఖర్చు నాన్న జీతంలోంచి వెళ్లేది.

ఇంత కట్టింది దేనికంటే కంపెనీల కోసమే. వందల కంపెనీలు వస్తాయని అడ్మిషన్ కౌంటర్లో చెప్పారు. అది అబద్ధం కాదు, నిజంగానే వచ్చాయి. 2021లో ఐటీ వాళ్లు ఎగబడి ఉద్యోగాలిచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. కొవిడ్ వల్ల మేం ఇళ్లలోనే ఉన్నాం. మా ముందు గదిలో, వెనక అమ్మ చీర కర్టెన్‌లా కట్టుకుని ఇంటర్వ్యూ ఇచ్చాను. సీజన్ మొదట్లోనే ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో ఎంపికయ్యాను. ప్యాకేజీ మూడున్నర లక్షలు. ఇంట్లో స్వీట్లు పంచారు.

నియమం అప్పుడు తెలిసొచ్చింది. ఒక ఆఫర్ చేతికొస్తే, దానికి రెట్టింపుకు పైగా ఇచ్చే 'డ్రీమ్' కంపెనీలకు మాత్రమే మళ్లీ కూర్చోవాలి. ఆ కంపెనీలు అడిగే సీజీపీఏ నాకు లేదు. మధ్యలో ఐదు, ఆరు లక్షలిచ్చే కంపెనీలు వరసగా వస్తూనే ఉన్నాయి. పోర్టల్‌లో వాటి పేర్లు కనిపించేవి, పక్కన 'అప్లై' బటన్ మాత్రం బూడిద రంగులో ఉండేది, నొక్కినా కదలదు. ఆఫర్ వదులుకుంటానని మెయిల్ పెట్టాను. వదులుకుంటే ఇక ఏ కంపెనీకీ కూర్చోనివ్వరని జవాబొచ్చింది.

2022లో పట్టా వచ్చింది, జాయినింగ్ డేట్ రాలేదు. కంపెనీలు ఆన్‌బోర్డింగ్ వాయిదా వేస్తున్న రోజులవి. అడిగినప్పుడల్లా 'త్వరలో తెలియజేస్తాం' అనే మెయిలే. లోన్‌కు మాత్రం అలా వాయిదా వేయడం ఉండదు: కోర్సు అయిపోయాక ఒక ఏడాది గడువు, ఆ తర్వాత ఈఎంఐ. వడ్డీ పేరుకుని అప్పు 14 లక్షలు దాటింది. పదేళ్లకు లెక్కేస్తే నెలకు దాదాపు పంతొమ్మిది వేలు. మూడున్నర లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది పాతిక వేల చిల్లర. పోలికకు చెబుతున్నా, కన్వీనర్ సీటులో చదివిన మా బాబాయి కొడుక్కి కూడా అదే కంపెనీ, అదే ప్యాకేజీ, అదే వాయిదా. వాడికి అప్పు లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ నియమం లేకపోతే నా రూమ్మేట్‌కు ఉద్యోగం వచ్చేది కాదు. నాలాంటి వాళ్లు పక్కకు తప్పుకున్న కంపెనీల్లోనే ఒకదాంట్లో చేరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. వాణ్ని అడిగితే ఐదు నక్షత్రాలిస్తాడు.

నాకు చివరికి దారి చూపింది కూడా యూనివర్సిటీ పేరే, కాకపోతే ప్లేస్‌మెంట్ సెల్ కాదు. మా కోడింగ్ క్లబ్‌లో నాకంటే బాగా ముందు బ్యాచ్ అన్న ఒకాయన గచ్చిబౌలిలో పనిచేసేవాడు. ముఖం కూడా చూడలేదు. లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెడితే ఆ రాత్రే ఫోన్ చేసి, నా ప్రాజెక్టు గురించి గంటసేపు గుచ్చిగుచ్చి అడిగి, రిఫరల్ ఇచ్చాడు. 2023 మొదట్లో అక్కడే చేరాను. ఫస్టియర్‌లో చుట్టాలందరికీ ల్యాబులు, లైబ్రరీ గురించి తెగ చెప్పేవాణ్ని. అవి నిజంగా బాగుంటాయి, కాకపోతే కొవిడ్ పుణ్యమా అని వాటిలో గడిపిన కాలం తక్కువే. పూర్తి ఫీజుకు నాకు మిగిలింది ఆ అన్నలాంటి వాళ్లే అనిపిస్తుంది.

యూనివర్సిటీ ర్యాంకు చూసి చేరేవాళ్లు అది దేనికి ఇస్తారో కూడా చూడండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకు ఇచ్చే ర్యాంకులు) ఇంజినీరింగ్ జాబితాలో మార్కుల్లో పరిశోధనకు 30 శాతం, పేరుప్రతిష్ఠలకు 10 శాతం. బీటెక్ పిల్లలకు వాటిలో దక్కేది కొంచెమే. అసలు పనికొచ్చేది కాలేజీలు ఆ ర్యాంకు కోసం ఇచ్చే డేటా. వాళ్ల వెబ్‌సైట్‌లోనే పీడీఎఫ్‌గా ఉంటుంది: ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత. బ్రోచర్‌లో ఉండే హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కడిది. మీడియన్ అంటే సగం మంది దానికంటే తక్కువ తెచ్చుకున్నారని. ఆ పక్కనే ప్లేస్‌మెంట్ పాలసీ కాపీ కూడా అడగండి, ఇవ్వకపోతే ఫైనల్ ఇయర్ వాళ్లని పట్టుకోండి.

మరి అంత ఖర్చు దండగా అంటే, ఇంట్లో డబ్బుండి, ఎంఎస్‌కు వెళ్లే ఆలోచన ఉంటే చేరమనే చెబుతాను. తక్కువ ఫీజు కేటగిరీ వచ్చినా అంతే. పైగా ఇప్పుడు రోజులు కాస్త మారాయి. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పైన ఉన్న సంస్థల్లో చేరేవాళ్లకు తనఖా, ష్యూరిటీ లేకుండా లోన్ ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మా నాన్నకు అప్పట్లో ఇది ఉండుంటే ఇంటి కాగితాల టెన్షన్ తప్పేది. లోన్ అసలు మొత్తం మాత్రం మనమే కట్టాలి.

మా చెల్లి ఈసారి ఎప్‌సెట్‌తో (అప్పటి ఎంసెట్టే) పాటు ఆ యూనివర్సిటీ ఎంట్రన్స్ కూడా రాసింది. ఒకటో రెండో కేటగిరీలో వస్తే మాట్లాడదాం, ఆపైన అయితే కన్వీనర్ సీటే అన్నాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.