జాలీ గుడ్డ మీద నీడిల్‌పాయింట్: రింగులు, ఫ్రేములు ఏళ్ల తరబడి వాడాక

నీడిల్‌పాయింట్ అంటే జాలీ క్యాన్వాస్ గుడ్డ కన్నాల్లోంచి ఊలు పోనిచ్చి, గుడ్డంతా నిండేలా కుట్టే ఎంబ్రాయిడరీ. దానికోసం ఫ్రేమ్ కొనబోతున్నవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, గుండ్రటి రింగు జోలికి పోకండి. చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా అంతే. జాకెట్ మీద పూలు కుట్టుకోవడానికి, మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్‌కి రింగు బాగుంటుంది, వాటికి నేనూ అదే వాడతాను. జాలీ క్యాన్వాస్ సంగతి వేరు. టైలర్లు కాలర్లలో వేసే క్యాన్వాస్ కాదిది. గట్టిగా గంజి పట్టించి, దారాల మధ్య చదరపు కన్నాలు వదిలి నేసిన గుడ్డ. దాన్ని రెండు రింగుల మధ్య ఇరికిస్తే గంజి విరిగి గుండ్రంగా ముడత పడుతుంది. తడిపి ఆరబెట్టినా ఆ గుర్తు పూర్తిగా పోదు. కుట్టిన భాగం మీద రింగు బిగిస్తే ఊలు కూడా అణిగిపోతుంది.

కడప వైవీ స్ట్రీట్‌లో తిరిగితే యాంకర్ దారాలు, మ్యాటీ, రింగులు, ఆరీ సూదులు దొరుకుతాయి. జాలీ క్యాన్వాస్, దాని మీద కుట్టే టాపెస్ట్రీ ఊలు మాత్రం నేను ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటా. ఒక ముక్క పాడైతే డబ్బులు పోవడమే కాదు, మళ్లీ పార్సిల్ కోసం ఎదురుచూడాలి. ఫ్రేమ్ విషయంలో నాకు ఇంత పట్టింపు అందుకే.

అసలు ఏ ఫ్రేమ్ కావాలో తేల్చేది కుట్టు. నీడిల్‌పాయింట్‌కు మూలం టెంట్ స్టిచ్. నిలువు దారం, అడ్డ దారం కలిసే చోట, ఎడమవైపు కింది కన్నంలోంచి పైకొచ్చి కుడివైపు పై కన్నంలో దిగే చిన్న ఏటవాలు కుట్టు. దీన్ని హాఫ్ క్రాస్, కాంటినెంటల్, బాస్కెట్‌వీవ్ అని మూడు రకాలుగా కుట్టొచ్చు. ముందు నుంచి చూస్తే మూడూ ఒకటే, తేడా అంతా వెనకవైపే. హాఫ్ క్రాస్‌లో వెనక పొట్టి నిలువు కుట్లే పడతాయి. ఊలు తక్కువ పడుతుంది, కానీ వెనక బలం ఉండదు. గోడకు తగిలించే బొమ్మకు సరిపోతుంది, దిండు గలీబుకు నిలవదు. కాంటినెంటల్‌లో వెనక పొడవాటి ఏటవాలు కుట్లు పడతాయి. ఊలు హాఫ్ క్రాస్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తింటుంది, గుడ్డ దిట్టంగా తయారవుతుంది. అయితే ముందూ వెనకా కుట్లన్నీ ఒకే వైపు లాగడంతో, చదరంగా మొదలైన గుడ్డ చివరికి ఒక పక్కకు ఒరిగిపోతుంది.

నాకు ప్రాణం బాస్కెట్‌వీవ్. ఇందులో వరుసలు అడ్డంగా కాకుండా మూలవాటంగా పోతాయి. పైనుంచి కుడివైపు కిందికి దిగేటప్పుడు సూదిని నిలువుగా, రెండు అడ్డ దారాల కింద నుంచి పోనివ్వాలి. తిరిగి పైకి ఎక్కేటప్పుడు సూదిని అడ్డంగా, రెండు నిలువు దారాల కింద నుంచి పోనివ్వాలి. దిగే వరుసకు వెనక నిలువు కుట్లు, ఎక్కే వరుసకు అడ్డ కుట్లు పడి, ఒకదాని సందులో ఒకటి కూర్చుని వెనకవైపు బుట్ట అల్లినట్టే ఉంటుంది. లాగుడు రెండు దిక్కులకూ పంచుకుపోతుంది కాబట్టి గుడ్డ పెద్దగా ఒరగదు. ఊలు కాంటినెంటల్ కంటే కొంచెం తక్కువే పడుతుంది. ఒక్క జాగ్రత్త కావాలి. దిగే వరుస పక్కన మళ్లీ దిగే వరుసే కుడితే ముందువైపు సన్నటి గీత తేలుతుంది, తర్వాత ఏం చేసినా అది పోదు. అందుకే వరుస చివర కాకుండా మధ్యలో పని ఆపుతా. మళ్లీ కూర్చున్నప్పుడు ఎటు పోతున్నానో చూడగానే తెలుస్తుంది. సూదిని మాత్రం గుడ్డ అంచులోనే గుచ్చిపెడతా, కుట్టులో వదిలేస్తే తుప్పు మరక పడుతుంది.

గోబెలిన్, బార్జెల్లో లాంటి నిలువు కుట్లకు ఈ ఒరిగే బాధ లేదు. బార్జెల్లో అంటే ఇటలీలో ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్న పాత కుర్చీల మీది అలల కుట్టు, ఆ పేరూ అక్కడి నుంచే వచ్చింది. ఈ కుట్టు గుడ్డను మూలకు లాగదు కాబట్టి ప్రొద్దుటూరు బస్సులో కూర్చుని ఫ్రేమ్ లేకుండా చేత్తో పట్టుకునే కుట్టేస్తా.

ఇక ఫ్రేములు. నేను ఎక్కువ కాలం వాడింది రోలర్ ఫ్రేమ్. పైనా కిందా రెండు చెక్క కడ్డీలు, వాటి పొడవునా గుడ్డ పట్టీ, పక్కల రెండు బద్దలు, మూలల్లో రెక్కల నట్లు. క్యాన్వాస్ పై అంచునూ కింది అంచునూ ఆ పట్టీలకు కుట్టి, కడ్డీలు తిప్పి, నట్లు బిగించాలి. పొడవు ఎంతున్నా చుట్టేసుకోవచ్చు. వెడల్పు మాత్రం పట్టీని దాటకూడదు, కాబట్టి కొనేటప్పుడు కడ్డీ కొలత కాదు, పట్టీ కొలత అడగండి. నేను తెప్పించిన మొదటి దానికి పట్టీ వంకరగా అంటించి పంపారు. పట్టీ వంకరైతే గుడ్డ ఎంత బిగించినా వంకరే. వాపసు తీసుకోమంటే కుదరదన్నారు. ఆ పట్టీ పీకేసి, కడ్డీ మీద పెన్సిల్‌తో తిన్నగా గీత గీసి, మంచి నవారు ముక్కను ఆ గీత వెంబడి చిన్న మేకులతో కొట్టుకున్నా. ఇప్పటికీ అదే పట్టీ నడుస్తోంది.

రోలర్ ఫ్రేమ్‌లో పైనా కిందా బిర్రుగానే ఉంటుంది, ఎడమా కుడీ సడలుతుంది. ఏ కంపెనీదైనా ఇదే తంతు. దీనికి మందు మా సందులో మగ్గం వర్క్ చేసే ఆపా దగ్గర దొరికింది. నా ఫ్రేమ్ చూసి, "పైన కింద బిగించి ఇడిస్తే ఎట్లమ్మా, పక్కలు గూడ దారమేసి లాగల్ల" అని, తన మగ్గం మీదున్న జాకెట్ గుడ్డ అంచుకు గట్టి దారం గుచ్చి, బద్దకు చుట్టి, మళ్లీ గుచ్చి చూపించింది. అప్పటి నుంచి నేనూ పక్క అంచుల్లో అంగుళం దూరానికోసారి దారం పోనిచ్చి బద్దలకు కట్టుకుంటున్నా. కడ్డీ తిప్పిన ప్రతిసారీ ఆ దారం విప్పి మళ్లీ కట్టాలి. పని పెరిగినా, టెంట్ స్టిచ్ వరుసలు తిన్నగా రావడం అప్పుడే మొదలైంది. ఆలోచిస్తే రోలర్ ఫ్రేమ్ మగ్గానికి చిన్న రూపమే, మగ్గం వాళ్లను అడిగితే సగం సందేహాలు తీరతాయి. అలాగని ఏకంగా మగ్గమే పెట్టుకోనక్కర్లేదు. గది సగం అదే తినేస్తుంది.

ఒకే ఒక్క ఫ్రేమ్ కొనుక్కుంటానంటే మాత్రం రోలర్ కూడా వద్దంటా. అడుగున్నర లోపు పనికి పిన్నులు గుచ్చే మామూలు చెక్క చట్రమే మేలు. ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దం, అట్ట లేకుండా ఉత్త చట్రం చేసిమ్మంటే చేసిస్తారు. బద్ద వెడల్పు ముప్పావు అంగుళానికి తగ్గకూడదు. మూలమట్టం ఆనించి నాలుగు మూలలూ అక్కడే చూసుకోండి, మూల తిన్నగా లేకపోతే తీసుకోవద్దు. బొమ్మ చుట్టూ రెండంగుళాలు ఖాళీ గుడ్డ వదిలి, పోగులు ఊడకుండా అంచుకు మాస్కింగ్ టేపు అంటించాలి. పిన్నులు ఇత్తడివైతే తుప్పు భయం లేదు. ముందు నాలుగు వైపులా నడిమధ్యన ఒక్కోటి గుచ్చి, తర్వాత ఎదురెదురుగా లాగుతూ మూలల దాకా పోవాలి. ఒక పక్కంతా గుచ్చేసి రెండో పక్కకు పోతే గుడ్డ దారాలు చట్రానికి సమంగా నిలవవు. ఇందులో సడలడం దాదాపు ఉండదు. సడలినా రెండు పిన్నులు తీసి లాగి గుచ్చితే సరి.

చెక్క ఎంచుకునేటప్పుడు మన ఎండ గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్, మేలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మెత్తటి చెక్క ఆరి నట్లు వదులవుతాయి, అక్టోబర్ వానలకు ఉబ్బి తిరగనని మొరాయిస్తాయి. టేకు ముక్కలతో చేయించిన నా చట్రం ఇన్నేళ్లలో ఎటూ వంగలేదు. రోలర్ నట్ల కింద తోలు వాషర్లు వేశాక అదీ కుదురుకుంది. ఎండాకాలం చేతి చెమటకు లేత రంగు ఊలు మాసిపోతుంది, అందుకే లేత రంగులు పొద్దున్నే కుడతా. పని లేనప్పుడు దుమ్ము పడకుండా పాత నూలు చీర ముక్క కప్పుతా.

ఫ్రేమ్ మీద కుట్టడానికి చేతులు అలవాటు పడాలి. గుడ్డ బిర్రుగా ఉంటే మామూలు కుట్టులా సూదిని ఒకే ఊపులో దూర్చి తీయలేం. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టుకుని, కిందికి ఒకసారి, పైకి ఒకసారి గుచ్చాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే ఫ్రేమ్‌ను టేబుల్ అంచుకు సి క్లాంపుతో బిగించుకోండి, స్టాండ్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. సూది మొన మొద్దుగా ఉండాలి. అంగుళానికి 10 కన్నాల గుడ్డకు 18 నంబరు, 14 కన్నాలకు 20, 18 కన్నాలకు 22 నంబరు సూది నాకు సరిపోయాయి. టాపెస్ట్రీ ఊలు 10, 12 కన్నాల గుడ్డను నిండుగా కప్పుతుంది. యాంకర్ ఆరు పోగుల నూలు దారమైతే 18 కన్నాలకే పెట్టుకోండి, పెద్ద కన్నాల్లో గుడ్డ తెల్లగా బయటికి కనిపిస్తుంది. దారం 18 అంగుళాలకు మించి కత్తిరించొద్దు. కన్నాల్లోంచి పదే పదే లాగేసరికి ఊలు నలిగి సన్నబడుతుంది.

ఎంత మంచి ఫ్రేమైనా కాంటినెంటల్ కుట్టిన ముక్క కొంచెం ఒరుగుతుంది. అప్పుడు వెనకవైపు నీళ్లు చిలకరించి, చెక్క పలక మీద బోర్లా పరిచి, మూలమట్టం ప్రకారం లాగి పిన్నులు గుచ్చి నీడలో ఆరనివ్వాలి. ఊలు రంగు దిగుతుందేమో ముందు ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి. వేసవిలో పైపైన తొందరగానే ఆరినట్టుంటుంది, లోపలి తడి పోకముందే పిన్నులు తీస్తే మళ్లీ ఒరుగుతుంది, కాబట్టి మర్నాటి దాకా ముట్టుకోకండి.